దయ కింద పెట్టిన యవత్తు

రెండు వేల ఆరు, డిసెంబరు ఇరవై నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. చర్చి గోడ గడియారం ఆ రోజు సరిగ్గానే నడుస్తోంది, పొద్దున దానికి కొత్త సెల్లు వేసింది నేనే. ఆ నిమిషానికి మా తమ్ముడి కుడిచెయ్యి విరిగింది. దవాఖానా కాగితం మీద మాత్రం సౌండు డబ్బా జారి మీద పడి విరిగిందని ఉంది. ఆ కాగితం కింద సాక్షి సంతకం నాది. వేలిముద్ర కాకుండా నేను నా బతుకులో పెట్టిన మొదటి సంతకం అదే. దాన్ని తీసుకుపోయి అబద్ధం కింద పెట్టాను.

డబ్బా జారలేదు. జారే డబ్బా ఒక్కసారే పడుతుంది. అది రెండుసార్లు పడింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ప్రతి ఏడూ క్రిస్మస్ దగ్గర పడగానే మా చర్చి ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి అడుగుతారు. మా ఆయనకు పాటలంటే పిచ్చి, ఏం కొనాలి పెద్దమ్మా అని ఒకతి. మా అన్నకు బొమ్మలంటే పిచ్చి, ఏం ఇయ్యాలె పెద్దమ్మా అని ఇంకొకతి. ముసలిది కదా, మంచి మాట చెబుతుందని వాళ్ళ ఆశ. నేను తిట్టి పంపిస్తాను. పాటలు వినేవాడు మెత్తనివాడని, బొమ్మలు గీసేవాడు సాధువని వాళ్ళకెవరో చెప్పినట్టున్నారు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ మనుషులు దెబ్బలు తిన్నారు. ఏటేటా తిట్టడం కంటే జరిగింది ఒకసారి రాసిపెట్టడం నయమనిపించింది.

పాటల పిచ్చివాడు మా మరిది, అంటే నా చెల్లెలి మొగుడు. ఇల్లందులో బొగ్గు బావి మీద కరెంటు పని చేసి, అది మానేసి, సౌండు సెట్టు కిరాయికిచ్చే పని పెట్టుకున్నాడు. డబ్బాలు కొనేవాడు కాదు, తానే చేసేవాడు. ప్లైవుడ్ కోసి, జిగురు పెట్టి, లోపల దూది పరుపు అంటించి, పదిహేను అంగుళాల స్పీకర్లు బిగించేవాడు. ఒక్కో డబ్బా నా రొమ్ము ఎత్తు. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుంటే తప్ప కదలదు. ఆంప్లిఫయరు లోపలి రాగి తీగ కూడా తానే చుట్టేవాడు, ఆడది జడ అల్లినట్టు వరస తప్పకుండా.

ఒకసారి నన్ను ఆ డబ్బాల ముందు కూర్చోబెట్టాడు. "వదినా, పాట వినకు. పాటకు ముందు విను. ఆమె ఊపిరి తీసుకుంటది," అన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాను. నిజమే. పాడే ఆమె నోరు తెరవకముందు చిన్నగా గాలి పీల్చింది, నా చెవి పక్కనే ఉన్నట్టు. నాకు ఒళ్ళు జల్లుమంది. కళ్ళు తెరిస్తే ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఇలాంటివాడు చెడ్డవాడు ఎలా అవుతాడని ఆ పూట అనుకున్నాను. ఆ వారంలోనే మా చెల్లె పన్ను విరగ్గొట్టాడు.

అది కూడా బహుమతి గొడవే. ఇంట్లో మోత భరించలేక మా చెల్లె పండక్కని చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను కొని ఇచ్చింది. పాటల మనిషికి పాటల వస్తువు ఇస్తే సంతోషపడతాడనుకుంది. ఆయన దాన్ని చెవులకు పెట్టుకుని రెండు నిమిషాలు విన్నాడు. తీశాడు. నా డబ్బాలు నీకు వద్దన్నమాట అన్నాడు. దాంతోనే మూతి మీద కొట్టాడు, తర్వాత దాని వైరుతో వీపు మీద కొట్టాడు. ఆ వాతలకు నూనె రాసింది నేను. పన్ను ముక్క నేల మీద వెతికితే దొరకలేదు. మింగిందేమో, దానికీ తెలియదు.

బొమ్మల పిచ్చివాడు మా తమ్ముడు. బోర్డులు, గోడలు రాసే ఆర్టిస్టు. ఎరువుల కొట్ల గోడలు, బస్టాండు పక్క హోటళ్ళు, ఎన్నికలప్పుడు గుర్తులు, చర్చి లోపల గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి, అన్నీ వాడి చెయ్యే. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. తాగితే చెయ్యి కూడా మంచిది కాదు. ఒక పండక్కి నేను వాడికి కొండలూ సెలయేరూ ఉన్న సీనరీ కొనిచ్చాను. చూశాడు. "అక్కా, గిది చూసి నేర్చుకోమంటున్నవా?" అని నిలువునా చింపాడు. నేను చెంప మీద కొట్టాను. వాడు నన్ను తోస్తే వెళ్ళి పొయ్యి గడ్డ మీద పడ్డాను. మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇల్లందు చౌరస్తాలో మొదటి ఫ్లెక్సీ కట్టినప్పుడు టర్పెంటైన్ పోసి తగలబెట్టింది వాడే. కట్టినవాళ్ళు పట్టుకుని కొట్టారు, పక్కటెముక విరిగింది. ఆ ఎముక అతుక్కోకముందే లేచిపోయి ఇంకో గోడ రాశాడు.

నాకు అక్షరాలు వచ్చింది వాడి వల్ల. నేను అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్లో వంట ఆయాను. యాభై దాటేదాకా జీతం కాగితం మీద బొటనవేలు అద్దేదాన్ని. హాస్టలు గోడ మీద సూక్తులు రాయడానికి వాడు వచ్చినప్పుడు రంగు డబ్బా పట్టుకుని వెనక నిలబడేదాన్ని. ఇది 'అ', ఇది 'మ' అని చెప్పేవాడు. వాడు గీత గీస్తే లోపల రంగు నేను నింపేదాన్ని. అందరూ పలక మీద నేర్చుకుంటారు, నేను గోడ మీద నేర్చుకున్నాను. నా మొదటి 'క' మూరెడుంటుంది. చిన్నక్షరం రాయడం నాకు చాలా కాలం చేతకాలేదు.

వాడి పని పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. దారానికి సుద్దపొడి పూసి గోడ మీద గీత కొట్టి, ముందు ఆ వరసలో అక్షరాల ఒళ్ళన్నీ లావు కుంచెతో రాసేవాడు. తర్వాత పైన తలకట్లు, గుడులు. గీత కిందికి దిగే వత్తులు మాత్రం అన్నిటికంటే చివర, పైన రంగు ఆరాక, సన్న కుంచెతో. ముందే పెడితే కారి పాడవుతాయనేవాడు. కాబట్టి వాడు సగం పనిలో లేచిపోతే గోడ మీద వత్తుల్లేని మాటలుండేవి. అలాంటి చోట వత్తులు నింపడం నాకు అలవాటైంది. ఎక్కడెక్కడ పెట్టాలో నాకు తెలుసనే అనుకునేదాన్ని.

గోడల తర్వాత నేను చదివింది చర్చి పాటల పుస్తకం ఒక్కటే. అందులో ఏ పేజీ తీసినా యేసయ్య. తండ్రీ అయ్యా, రావయ్యా, కావుమయ్యా. మాట చివర 'య' వచ్చిందంటే దాని కింద ఇంకో 'య' వేలాడుతుంది. అది అక్షరం తీరే అంతేనని నా బుర్రకెక్కింది, 'ఠ'కు కడుపులో చుక్క ఉన్నట్టు. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక గొడవకు వస్తాను. మా మరిది సెట్టుకు పాస్టరయ్య 'దయ' అని పేరు పెట్టాడు. దేవుని దయ వల్ల నడుస్తుందని. ఆ డిసెంబరు మొదట్లో మా తమ్ముడు చర్చిలో కాపరి బొమ్మకు మళ్ళీ రంగులు వేస్తున్నాడు. అదే పూట మా మరిది డబ్బాలు తెచ్చి, పండగ కోసమని మోగించి చూస్తున్నాడు. గోడ అదిరింది. కాపరి ముక్కు దగ్గర తమ్ముడి కుంచె పక్కకు జారింది. వాడు నిచ్చెన మీంచి అందరూ వినేలా, "గివి దయ డబ్బాలు కావు బావా, దయ్యం డబ్బాలు," అన్నాడు. మా మరిది మైకు స్టాండు ఎత్తి నిచ్చెన మీద ఉన్నవాణ్ణి కొట్టాడు. వాడు కింద పడి, లేచి, రంగు డబ్బా మా మరిది ముఖాన కొట్టాడు. కనుబొమ్మ పగిలి ఒకరికి కుట్లు పడ్డాయి, కళ్ళల్లో రంగు పడి ఇంకొకరు రెండు రోజులు చీకట్లో పడుకున్నారు. ఆ తర్వాత బావా బామ్మర్దులకు మాటల్లేవు. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆ సెట్టును దయ్యం డబ్బాలనడం మొదలుపెట్టారు. కిరాయికి అడగడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వు ఆపుకుంటూ అడిగేవాళ్ళు. మా మరిది ఆ కోపం తెచ్చి మా చెల్లె మీద దించేవాడు.

పండగలోపు ఇద్దర్నీ కలపాలని నాకు బుద్ధి పుట్టింది. అది నా బుద్ధే, ఇంకొకరి మీద పెట్టను. పాటల పిచ్చివాడికి బొమ్మల పిచ్చివాడి చేత బహుమతి ఇప్పిద్దామనుకున్నాను. డబ్బాల ముందు జాలీ కింద బిగించుకునేలా రెండు చెక్క పలకలు, ఒకదాని మీద 'దయ', ఇంకొకదాని మీద 'స్వరం'. మా తమ్ముడు ముందు ఒప్పుకోలేదు. నా చెల్లె వీపు చూశావా అన్నాను. పలకలు కొయ్యమన్నాడు.

శనివారం పొద్దున హాస్టలు వంటింటి వసారాలో రాశాడు. పిల్లలు సెలవులకు ఊళ్ళకు పోయారు, వసారా ఖాళీ. నల్లటి పలక, పసుపు అక్షరం, ఎర్రటి నీడ. వాడు అంత ఇష్టంగా రాయడం నేను చూడలేదు. 'ద' పొట్ట గుండ్రంగా రావడానికి ఊపిరి బిగబట్టాడు. మా మరిది చెప్పిన ఊపిరి నాకప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకటే మనుషులు, ఒకరికొకరు తెలియదు అనుకున్నాను. అంతలో చర్చి నుంచి కబురొచ్చింది, స్టేజి వెనక గుడ్డ మీద నక్షత్రం గీయాలని. వాడు లేచి చేతులు తుడుచుకుని, "ఒక్క వత్తు మిగిలిందక్కా. ఆరినంక పెట్టి చుట్టెయ్," అని పోయాడు.

ఒక్క వత్తు అన్నాడు. నేను రెండు పెట్టాను.

'స' కింద 'వ' వత్తు పెట్టాను, అది సరైనదే. తర్వాత మొదటి పలక చూశాను. 'దయ'. ఆ 'య' బోసిగా కనిపించింది. యేసయ్యకు ఉన్నది దీనికి లేదు. తమ్ముడు తొందరలో మరిచాడనుకున్నాను. వాడికి తెలియనిది నేను పట్టానని లోపల పొంగిపోయాను కూడా. సన్న కుంచె తీసుకుని చక్కగా, కారకుండా, ఆ 'య' కింద ఇంకో 'య' వేలాడదీశాను. ఎర్ర నీడ కూడా ఇచ్చాను. ఆరాక రంగు కాగితం చుట్టి, దారం కట్టి, చర్చికి పంపించాను. తమ్ముడు మళ్ళీ దాన్ని చూడలేదు.

ఆదివారం ఆరాధన పొద్దునే అయిపోయింది. సాయంత్రం పండగ కార్యక్రమానికి చర్చి ముందు చెట్ల కింద అందరం చేరాం. పక్కన వంటకు కట్టెలు కొడుతున్నారు, పెద్ద గుండిగలో అన్నానికి ఎసరు పెట్టింది నేనే. డబ్బాలు చర్చి మెట్ల మీద, అటొకటి ఇటొకటి. పాస్టరయ్య ప్రార్థన చేసి, బావా బామ్మర్దులు ఈ రోజు ఒకటవుతున్నారని చెప్పాడు. తమ్ముడు పొట్లం అందించాడు. మా మరిది తీసుకున్నాడు. తలెత్తి తమ్ముడి కనుబొమ్మ మీది కుట్ల మచ్చ చూసి, దాని మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్దాడు. అదొక్కటి చాలు, నా పని అయిపోయింది అనుకున్నాను.

కాగితం విప్పాడు. తాను చదవకుండానే రెండు పలకలూ రెండు చేతుల్లో ఎత్తి ముందు జనానికి చూపించాడు. అంత సంబరంగా ఉన్నాడు. హాస్టలు వాచ్‌మన్, అడవి గూడెం మనిషి, నాలాగే ఆలస్యంగా అక్షరాలు నేర్చినవాడు, ముందు వరసలో కూర్చుని వేలు ఊపుతూ ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. ద. య్య. స్వ. రం.

తర్వాత నవ్వు. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. మొత్తం చెట్ల కింద నవ్వు దొర్లింది. పాస్టరయ్య కూడా గడ్డం కిందికి దించుకున్నాడు, ఆయన భుజాలు కదిలాయి.

మా మరిది పలకలు తిప్పుకుని చదివాడు. ఆయన ముఖంలో రంగు మెడ నుంచి పైకి ఎక్కడం నేను చూశాను. పలక మీద వేలు పెట్టి తమ్ముణ్ణి అడిగాడు. పెద్దగా అరవలేదు.

"ఇది నువ్వే రాసినవా?"

తమ్ముడు ముందు పలక చూశాడు. ఆ వత్తు చూశాడు. గీతలో నా చెయ్యి వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది, ఆ చెయ్యి పట్టి నేర్పించింది వాడు. తర్వాత తలెత్తి జనంలో నన్ను వెతికాడు. నేను గుండిగ పక్కన గరిటె పట్టుకుని ఉన్నాను. నా వైపు చూశాడు. ఆ వత్తు ఎందుకు తప్పో నాకు ఇంకా పూర్తిగా తెలియలేదు, కానీ నవ్వు దాని వల్లే వచ్చిందని తెలిసింది. నా నోరు తెరుచుకోవడానికి అంత సమయం ఉంది. ఒక పాటకు ముందు ఊపిరి తీసుకునేంత సమయం. నేను తెరవలేదు.

"అవ్ బావా. నేనే రాసిన," అన్నాడు.

మా మరిది పలకతో వాడి ముఖం మీద కొట్టాడు. అంచు తగిలి ముక్కు పగిలింది. వాడు తిరిగి కొట్టలేదు. ఎప్పుడూ తిరిగి కొట్టేవాడు ఆ రోజు చేతులు కిందికి వదిలేశాడు. అదే మా మరిదిని ఇంకా రేపింది. జుట్టు పట్టి మెట్ల మీద కూలేశాడు. కడుపులో కాలితో తన్నాడు. గట్ల రాసిన చెయ్యి ఏదిరా, గీ చెయ్యేనా అంటూ కుడి మణికట్టు పట్టి, అరచెయ్యి మెట్టు బండ మీద పెట్టి, దాని మీద మోకాలు వేశాడు. పక్కనున్న డబ్బాను రెండు చేతులా ముందుకు వంచి, మోకాలు తీసి వదిలాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఎండు కట్టె విరిగినట్టు ఉండదు. పచ్చి కట్టె విరిగినట్టు ఉంటుంది.

తమ్ముడు అరిచిన అరుపు మైకులోంచి వచ్చింది. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ డబ్బాల్లోంచే వాడి గొంతు అడవి దాకా పోయింది, మా మరిది తన చేత్తో చేసిన డబ్బాలు కదా, ఊపిరి కూడా వదలకుండా వినిపించాయి. మా మరిది ఆ డబ్బా అంచు పట్టి మళ్ళీ పైకి లేపాడు. మగవాళ్ళు అప్పటికి లేచారు, ఇద్దరు ఆయన నడుం పట్టుకున్నారు. అయినా రెండోసారి వదిలాడు.

గుండిగ దగ్గర నా పక్కనుంచి మా చెల్లె పోవడం చూశాను. కట్టెలు కొట్టే గొడ్డలి తీసుకుని పోయింది. మొగుణ్ణి నరుకుతుందనుకున్నాను. ఆపుదామని కూడా నాకు అనిపించలేదు, అది నిజం. అది మొగుడి వైపు చూడలేదు. రెండో డబ్బా దగ్గరికి పోయి, జాలీ మీద వేసింది ఒక వేటు. జాలీ చిరిగి లోపలి స్పీకరు నల్ల కాగితం చీలింది. ఇంకో వేటు. ఇంకోటి. ప్రతి వేటుకూ ఒక మాట చెప్పింది. ఇది పన్నుకు. ఇది వీపుకు. ఇది కడుపులోనే పోయిన బిడ్డకు. ఆ బిడ్డ సంగతి అప్పటిదాకా నాకు కూడా తెలియదు.

మా మరిది తనను పట్టుకున్నవాళ్ళ చేతుల్లో జారి మెట్ల మీద కూర్చున్నాడు. ఏడ్చాడు. తల్లి చచ్చిపోయినప్పుడు ఏడవనివాడు, చిరిగిన ఆ కాగితం చూసి చిన్నపిల్లలా ఏడ్చాడు. పక్కనే తమ్ముడి చెయ్యి డబ్బా కింద ఉంది. దాన్ని తీసింది వాచ్‌మన్, నేను, పాస్టరయ్య. వేళ్ళు ఏ వేలు ఎటో తెలియలేదు.

బొగ్గు వేసుకుని పోయే లారీ ఎదురైతే అందులో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాం. తమ్ముడి తల నా ఒడిలో. పంటి కింద నా కొంగు పెట్టి కొరుకుతున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

దవాఖానాలో పోలీసు ఒకాయన కాగితాలతో వచ్చాడు. మంచిగానే అడిగాడు. ఎవరు కొట్టారమ్మా, అక్కడ ఎవరెవరు ఉన్నారు, పేర్లు చెప్పండి అన్నాడు. నేను డబ్బా జారి పడిందని చెప్పాను. ఎవరూ లేరా అన్నాడు. మేమిద్దరమే ఉన్నామన్నాను. ఆయన రాసుకుని, వేలిముద్ర వేస్తారా అని ఇంకు పెట్టె జరిపాడు. సంతకం వచ్చని చెప్పాను. కలం తీసుకుని ముందు అక్షరాల ఒళ్ళు రాశాను, తర్వాత తలకట్లు, చివర వత్తు. ఆయన ఆగి చూశాడు, అలా రాసేవాళ్ళను ఆయన చూసి ఉండడు.

మరిది జైలుకు పోతే చెల్లె బతుకు ఏమవుతుందని అబద్ధమాడానని అందరికీ చెప్పాను. చాలా ఏళ్ళు నాకు కూడా అదే చెప్పుకున్నాను. అది కాదు. గొడవ ఎందుకు మొదలైందని ఆ పోలీసు అడిగితే పలక దగ్గరికి రావాలి. పలక దగ్గరికి వస్తే వత్తు దగ్గరికి రావాలి. నేను కాపాడుకున్నది నన్నే.

చెయ్యి అతుక్కుంది, కానీ కుంచె పట్టడానికి రాలేదు. మూడు వేళ్ళు వంగవు. చెల్లె ఏడు నెలలు నా దగ్గరుండి, డబ్బాలు ఇంట్లో ఉంచనని మాట తీసుకుని మొగుడి దగ్గరికి పోయింది. మా మరిది స్పీకరు మార్చి, డబ్బా మళ్ళీ చేశాడు. మరుసటేడు క్రిస్మస్‌కు చర్చిలో మోగించాడు కూడా. ఎవరూ వద్దనలేదు. నేనూ వద్దనలేదు.

రెండు వేల తొమ్మిదిలో హాస్టలు గోడలకు మళ్ళీ సూక్తులు రాయాల్సి వచ్చింది. ఫ్లెక్సీ కడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, వాడు చెబుతుంటే నేను రాశాను. దారం కొట్టాను. ఒళ్ళు రాశాను. తలకట్లు పెట్టాను. ఎండ బాగా ఉంది, రంగు తొందరగా ఆరింది. సన్న కుంచె ముంచి గోడకు ఆనించబోయాను.

"అక్కా. వత్తు నేను చెప్పినంక పెట్టు," అన్నాడు.

మూడేళ్ళలో వాడు ఆ సంగతి ఎత్తింది అదొక్కసారి. కుంచె నా చేతిలోంచి రంగు కారుస్తోంది, చీర మీద పడింది. ఆ రోజు ఎందుకు నేనే రాసిన అన్నవురా అని అడిగాను. వాడు గోడ వైపే చూస్తూ, నీ పేరు చెప్తే నిన్ను చంపుతుండె అన్నాడు. నువ్వు చెప్తవని కూడా చూసిన అన్నాడు.

ఎక్కడ వత్తు పెట్టాలో వాడు చెప్పాడు, నేను పెట్టాను. ఆ గోడ ఇంకా ఉంది.

పిల్లలూ, మీరు బహుమతుల మాట అడిగారు కాబట్టి నాకు తెలిసింది ఇంతే. పాటల పిచ్చివాడికి పాటల వస్తువు, బొమ్మల పిచ్చివాడికి బొమ్మల వస్తువు ఇవ్వకండి. ఆ వస్తువు సంగతి మీకంటే వాళ్ళకు ఎక్కువ తెలుసు, మీ చెయ్యి ఎక్కడ తప్పిందో వెంటనే పడతారు. ఒక పూట కూర్చుని వినండి, ఒక పూట నిలబడి చూడండి. వాళ్ళ పని మీద మాత్రం మీ కుంచె పెట్టకండి. పెడితే, ఎవరు పెట్టారని అడిగిన క్షణంలోనే నోరు తెరవండి.

ఆ పోలీసు అడిగిన లెక్క నేను బాకీ ఉన్నాను. పేర్లు రాయను, మా వాడలో వరస చెబితే మనిషి తెలుస్తాడు. ఆ ఆదివారం నాలుగు గంటల పది నిమిషాలకు చర్చి మెట్ల దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు. డబ్బా ఎత్తి రెండుసార్లు వదిలిన మా మరిది. దాని కింద చెయ్యి ఉన్న మా తమ్ముడు. గొడ్డలి పట్టిన మా చెల్లె. నవ్వి, తర్వాత చెయ్యి పట్టి లాగిన పాస్టరయ్య. పలక చదివిన హాస్టలు వాచ్‌మన్. మా మరిది నడుం పట్టుకున్న పాస్టరయ్య తమ్ముడు, కట్టెలు కొట్టే పెద్దాయన. కుర్చీ ఎక్కి చూసిన పాస్టరమ్మ. గుండిగ అవతలి పక్క బియ్యం కడుగుతున్న మా మేనత్త. చెట్ల కింద చాపల మీద కూర్చుని నవ్విన మా వాడ మొత్తం, ఇంటికొకరు తక్కువ కాకుండా. గుండిగ ఇవతల గరిటె పట్టుకుని, 'దయ' కింద వత్తు పెట్టింది తానేనని తెలిసీ నోరు తెరవని నేను.